కారవాన్ వంటగదిలో సింకు కింద నీరు చేరుతోంది: అంతా విప్పకుండా కారణం కనుక్కోవడం ఎలా?

హొసకోటె బాటసారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము బెంగళూరులో వైట్‌ఫీల్డ్ దగ్గర ఉంటున్నాము. కారు వెనక తగిలించుకుని వెళ్లే చిన్న కారవాన్ మాకు ఒకటి ఉంది. అపార్ట్‌మెంటులో దాన్ని నిలిపే చోటు లేనందువల్ల హొసకోటె వైపు బంధువుల స్థలంలో ఆరుబయట ఉంచుతున్నాము. కొంతకాలంగా అందులోని వంటగదిలో, సింకు కింది అలమర అడుగున నీరు చేరుతోంది. అడుగు ప్లైవుడ్ వెనకవైపు కుడి మూలలో ఉబ్బింది. తలుపు తెరవగానే ముక్కవాసన వస్తోంది.

ఏర్పాటు ఇలా ఉంది. సింకుకు పక్కన, వెనక సీటు కింద 60 లీటర్ల మంచినీటి ట్యాంకు ఉంది. దాని నుంచి వచ్చే నీటిని 12 వోల్టుల ప్రెషర్ పంపు లాగి కుళాయికి పంపుతుంది. పంపు సింకు కింది అలమరలోనే ఉంది. పైపులన్నీ ఇళ్లలో వాడే సీపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ రకానివే. వాడిన నీరు ముడతల గొట్టం ద్వారా బయట పెట్టుకునే క్యానులోకి పోతుంది. పక్క అలమరలో ఇన్వర్టరు ఉంది కాబట్టి నాకు మరింత ఆందోళనగా ఉంది.

నేను గమనించినవి రెండు విషయాలు. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా రాత్రిపూట పంపు ఉన్నట్టుండి ఒక్క క్షణం టకటకమని కొట్టుకుని ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ అదే. రెండోది, లేపాక్షి వెళ్లి వచ్చినప్పుడు అలమర అడుగున కొద్దిపాటి చెమ్మ మాత్రమే కనిపించింది గానీ, హార్స్‌లీ హిల్స్ వెళ్లి వచ్చినప్పుడు గుడ్డలతో తుడిచి పిండుకోవలసినంత నీరు నిలిచింది.

ఒక ప్లంబరును పిలిపిస్తే సింకు చుట్టూ సిలికాన్ పూసి వెళ్లారు. దానివల్ల ఏ తేడా రాలేదు. ఇప్పుడు సింకుతో సహా పైపులన్నీ మార్చాలంటున్నారు. అంత పనికి దిగేముందు, నీరు ఖచ్చితంగా ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకునే పద్ధతి ఎవరైనా వివరంగా చెప్పగలరా?

నీటిగొట్టం (సమాధానం)

నమస్కారమండి. నేను చెన్నైలో పడవల్లోని మంచినీటి ఏర్పాట్లు చూసే పనిలో ఉన్నాను. కదిలే ఇంటికీ కదిలే పడవకూ ఈ విషయంలో పెద్ద తేడా లేదు కాబట్టి నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ముందుగా ఒక జాగ్రత్త. ఆ అలమరలో చెయ్యి పెట్టేముందు బయటి నుంచి వచ్చే 230 వోల్టుల కనెక్షన్ తీసేసి, ఇన్వర్టరు ఆపివేయండి. పరీక్షలకు 12 వోల్టుల బ్యాటరీ ఒక్కటి చాలు.

మీ వంటగదిలోకి నీరు నాలుగు దారుల్లో రాగలదు: పంపు దాటాక ఒత్తిడిలో ఉండే మంచినీరు, పంపుకు ముందు ట్యాంకు వైపున్న ఒత్తిడి లేని నీరు, సింకు నుంచి దిగే వాడిన నీరు, బయటి నుంచి వచ్చే వాన. ఏది కారుతోందో తేలకుండా ఏ పైపు మార్చినా అది ఊహతో చేసిన పనే అవుతుంది. సిలికాన్ పని చేయకపోవడానికి కారణం సరుకు నాసిరకం కావడం కాదు. అది పూసిన చోట కారడం లేదు, అంతే. కాబట్టి ఒక్కొక్క నీటిని మిగిలిన మూడింటి నుంచి విడదీసి పరీక్షించాలి.

అలమర ఖాళీ చేసి, పొడిగుడ్డతో తుడిచి, కాసేపు ఫ్యాను పెట్టి ఆరనివ్వండి. ప్రతి జాయింటు కింద, పంపు కింద, ట్యాంకు అంచుల కింద పొడి టిష్యూ కాగితాలు పరచండి. ట్యాంకు నింపి, పంపు స్విచ్చి ఆపి, ఒకసారి కుళాయి తిప్పి పైపుల్లోని ఒత్తిడి వదిలేయండి. వాన లేని రాత్రి చూసుకుని అలాగే వదిలేసి తెల్లారి చూడండి. కాగితం తడిస్తే అది ట్యాంకు వైపు లోపమే. పంపుకు ముందు ఉండే జాలీ గిన్నె మూతను ప్రత్యేకంగా చూడండి. దాని ఓ-రింగ్ (రబ్బరు వలయం) కింద ఇసుక రేణువు ఒక్కటి చిక్కుకున్నా, పంపు ఆడుతున్నప్పుడు అక్కడ గాలి లోపలికి పీల్చుకుంటుంది, ఆగి ఉన్నప్పుడు నీరు బొట్టుబొట్టుగా బయటికి వస్తుంది. కుళాయిలో నీరు తుంపులు తుంపులుగా ఉమ్మినట్టు వస్తుంటే ముందు ఆ గిన్నెనే అనుమానించండి.

రెండో పరీక్ష ఒత్తిడి నీటికి. ఇటువంటి పంపులు చాలావరకు పైపుల్లో ఒత్తిడి 2 నుంచి 3 బార్లకు చేరగానే వాటంతట అవే ఆగిపోతాయి. ఒత్తిడి ఒక హద్దు కన్నా దిగితే మళ్లీ ఆడతాయి. ఏ కుళాయీ తిప్పకుండా మీ పంపు రాత్రి కొట్టుకుంటోందంటే పైపుల్లోని ఒత్తిడి ఎటో పోతోందని అర్థం. అయితే ఇక్కడ చాలామంది తొందరపడతారు. ఆ ఒత్తిడి రెండు విధాలుగా పోవచ్చు. ఏదో జాయింటు దగ్గర నీరు బయటికి కారుతూ ఉండవచ్చు, లేదా పంపు లోపలి కవాటం సరిగా మూసుకోక నీరు వెనక్కి ట్యాంకులోకే జారుతూ ఉండవచ్చు. రెండో సందర్భంలో బయట ఒక్క బొట్టు కూడా కనిపించదు, అయినా పంపు కొట్టుకుంటూనే ఉంటుంది. పంపు తరవాత బాల్ వాల్వు (పిడి తిప్పి నీటిని ఆపే కవాటం) ఉంటే దాన్ని మూసి, స్విచ్చి వేసి వినండి. వాల్వు మూసినా కొట్టుకుంటే లోపం పంపులోనో, పంపుకూ వాల్వుకూ మధ్యనున్న జానెడు పైపులోనో ఉంది. వాల్వు మూయగానే పంపు నిశ్శబ్దమైతే ఆ తరవాతి పైపుల్లో వెతకాలి.

మూడోది సింకు. సన్నటి ధారతో పరీక్షిస్తే ఏమీ తెలియదు. బిరడా పెట్టి సింకు నిండా నీరు పట్టి, అందులో బట్టలకు వాడే నీలిమందు నాలుగు చుక్కలు వేయండి. పక్కకు పొంగే రంధ్రం దాకా నీరు రావాలి, ఎందుకంటే ఆ రంధ్రం వెనకనున్న గొట్టం జాయింటు సింకు నిండినప్పుడే బయటపడుతుంది. తరవాత ఒక్కసారిగా బిరడా తీసి, వేస్ట్ కప్లింగ్ (సింకు అడుగున గొట్టం కలిసే ముక్క) కింద తెల్ల కాగితం పట్టుకుని చూడండి. నీలం మరక పడితే అది వాడిన నీరు. మరక పడకుండా తడిస్తే మంచినీరు.

టార్చి వేసి చూస్తే చాలదు, చేత్తో తడిమి చూడండి. పొడిగా తుడిచిన వేలిని ప్రతి నట్టు కింది భాగంలో ఒకసారి రాయండి. కంటికి కనిపించని చెమ్మ వేలికి తెలుస్తుంది. అందని చోట ఫోను కెమెరాను కింద నుంచి పెట్టి వీడియో తీస్తే సరిపోతుంది.

రాయలసీమ రోడ్లు (సమాధానం)

పై సమాధానం చాలా బాగుంది. నేను మరొక్క విషయం మాత్రమే కలుపుతాను. లేపాక్షికి వెళ్లే దారి దాదాపు చదునైనది. జాతీయ రహదారి మీద పోయి కొడికొండ దగ్గర మళ్లితే చాలు. హార్స్‌లీ హిల్స్‌కు ఘాట్ రోడ్డు ఎక్కాలి. మీకు నీరు నిలిచింది రెండోసారే. అంటే పంపు సంగతి ఎలా ఉన్నా, ట్యాంకు వంగినప్పుడు మాత్రమే కారే చోటు ఇంకొకటి ఉండే అవకాశం గట్టిగా ఉంది.

ట్యాంకు పైభాగంలో నీరు నింపే గొట్టమూ గాలి పోయే సన్నగొట్టమూ కలుస్తాయి. బండి సమతలంగా ఉన్నప్పుడు నీటి మట్టం వాటి కిందే ఉంటుంది కాబట్టి క్లిప్పు వదులైనా ఏమీ కాదు. కొండ ఎక్కేటప్పుడు నీరంతా వెనక్కి చేరి ఆ జాయింటును ముంచుతుంది. దీన్ని పరీక్షించడానికి మళ్లీ కొండ ఎక్కనక్కరలేదు. కారు విడదీసి, చక్రాలకు అటూ ఇటూ అడ్డుకట్టెలు గట్టిగా పెట్టి, బండి మూలల్లో నేలకు ఆనించే కాళ్లు పైకి లేపి, ట్యాంకు నిండా నింపండి. ఆ తరవాత ముందున్న చిన్న చక్రం పిడి తిప్పి కారవాన్ ముక్కును వీలైనంత పైకి లేపి కాసేపు ఉంచండి. తరవాత కిందికి దించి మళ్లీ చూడండి. లోపల మనుషులెవరూ ఉండకూడదు.

చక్రాల ఇల్లు (సమాధానం)

వానను ఇంత తేలిగ్గా వదిలేయకండి. ఆరుబయట నిలిపే బండికి బెంగళూరు వానలు తక్కువేమీ కాదు. జూన్‌లో మొదలైన నైరుతి వెళ్లిన తరవాత అక్టోబరులో కూడా బాగా కురుస్తాయి. కిటికీ రబ్బరు, పైకప్పు గాలి కిటికీ చట్రం, గోడా పైకప్పూ కలిసే చోట బిగించిన అల్యూమినియం పట్టీ, ఈ మూడింటిలో ఎక్కడ సందు పడినా నీరు గోడ లోపలి నుంచే దిగి నేల దగ్గర బయటపడుతుంది. నీరు కనిపించిన చోటే లోపం ఉందని అనుకోకూడదు. బండి ఎటు వాలి ఉంటే నీరు అటు చేరుతుంది. మీ కారవాన్ వెనక కుడివైపుకు వాలి నిలబడి ఉంటే, ఉబ్బిన మూల ఆ వాలును మాత్రమే చూపిస్తోంది. ముందుగా నేల మీద రసమట్టం (స్పిరిట్ లెవెల్) పెట్టి చూసుకోండి.

ఒక గుర్తు చెబుతాను. హొసకోటె వైపు వాడేది ఎక్కువగా బోరు నీరే. ఆ నీటిలో సున్నం ఎక్కువ కాబట్టి, అది కారి ఆరిన చోట తెల్లటి పొర మిగులుతుంది. వాన నీరు అటువంటి తెల్లదనం మిగల్చదు, చెక్కలోని రంగును లాక్కుని గోధుమరంగు మరక వదులుతుంది. జాయింట్ల మీద తెల్ల పొర ఉందేమో చూడండి.

వానను పరీక్షించాలంటే గొట్టంతో సన్నగా నీరు పోస్తూ కింది నుంచి పైకి వెళ్లండి. ఒక్కొక్క చోట కొన్ని నిమిషాలు ఆగండి. పై నుంచి మొదలుపెడితే నీరు అన్నిటి మీదుగా జారి, ఏ సందులోంచి వచ్చిందో తెలియదు. ఒత్తిడితో కార్లు కడిగే యంత్రం మాత్రం వాడకండి, అది బాగున్న రబ్బరులోంచి కూడా నీటిని లోపలికి తోస్తుంది.

ఇక నా అభిప్రాయం అడిగితే, లోపం ఎక్కడున్నా సీపీవీసీ మొత్తం తీసి పెక్స్ అనే వంగే ప్లాస్టిక్ పైపు వేయించడమే మేలు. సీపీవీసీ గోడలో కదలకుండా ఉండవలసిన సరుకు. గతుకుల రోడ్ల మీద అది ఎన్నాళ్లు నిలుస్తుంది?

నీటిగొట్టం

వాన గురించీ వాలు గురించీ చెప్పినది పూర్తిగా నిజం. పైపుల విషయంలో మాత్రం నేను కొంచెం భిన్నంగా ఆలోచిస్తాను. గోడకు క్లిప్పులతో దగ్గర దగ్గరగా బిగించి, ఎక్కడా వేలాడకుండా ఉన్న సీపీవీసీ చాలాకాలం నిలుస్తుంది. విరిగేది సాధారణంగా పంపు దగ్గరే, ఎందుకంటే పంపు రబ్బరు కాళ్ల మీద అదురుతూ ఉంటుంది, దానికి తగిలించిన గట్టి పైపు అదరలేదు. పంపుకు రెండు వైపులా కనీసం అడుగున్నర వంగే గొట్టం ఉండాలి. పొడిగా ఉన్న జాయింట్లన్నీ విప్పి కొత్తవి వేయడమంటే, కారని చోట్ల కూడా కారే అవకాశం తెచ్చిపెట్టుకోవడమే. కాబట్టి పరీక్షలో తేలిన చోటే చెయ్యి పెట్టమని నా సలహా.

హొసకోటె బాటసారి

మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ వారాంతంలో మీరు చెప్పిన వరుసలోనే పరీక్షించాను. వివరంగా రాస్తున్నాను, ఇటువంటి ఇబ్బంది ఉన్న మరొకరికి పనికొస్తుంది.

ట్యాంకు నింపి, పంపు ఆపి రాత్రంతా ఉంచితే కాగితాలన్నీ పొడిగానే ఉన్నాయి. నీలిమందు నీటితో సింకు నింపి వదిలితే ఒక్క మరక కూడా పడలేదు. అంటే సింకు, వేస్ట్ గొట్టం రెండూ బాగానే ఉన్నాయి. మార్చమన్న సింకు నిక్షేపంలా ఉంది. గొట్టంతో కిటికీ మీద, మూలల పట్టీ మీద నీరు పోసినా లోపలికి ఏమీ రాలేదు.

పంపు స్విచ్చి వేసి, బాల్ వాల్వు మూస్తే కొట్టుకోవడం ఆగలేదు. పంపు చుట్టూ పైకి అంతా పొడిగానే కనిపించింది. వేలితో తడిమితే నీరు పంపు నుంచి బయటికి వచ్చే చోటనున్న ప్లాస్టిక్ ఎల్బో (మోచేయిలా వంగిన ముక్క) కింది వంపులో చల్లగా తగిలింది. ఫోను కింద నుంచి పెట్టి తీసిన వీడియోలో స్పష్టంగా కనిపించింది: మర ఎక్కించే గొంతు దగ్గర వెంట్రుకవాసి పగులు, దాని పొడవునా గోళ్లతో గీకితే రాలే తెల్లటి సున్నపు గీత. పంపు కొట్టుకున్న ప్రతిసారీ ఆ గీత మీద చిన్న బిందువు ఊరుతోంది, ఆగాక ఎల్బో అడుగుకు జారి ప్లైవుడ్ మీద పడుతోంది. చక్రాల ఇల్లు గారు చెప్పిన తెల్ల పొర సరిగ్గా అక్కడే ఉంది.

తరవాత ముక్కు పైకి లేపే పరీక్ష చేశాను. చక్రం పిడి పూర్తిగా తిప్పాక కొద్ది నిమిషాలకే, నీరు నింపే లావు గొట్టం ట్యాంకును కలిసే చోట క్లిప్పు కింద నుంచి సన్నటి ధార మొదలైంది. దించగానే ఆగిపోయింది. హార్స్‌లీ హిల్స్ నీటికి కారణం అదే. బండి నిలిపిన చోట నేల నిజంగానే వెనక కుడివైపుకు వాలి ఉంది, అందుకే రెండు చోట్ల నీరూ ఒకే మూలకు చేరింది.

ఇప్పుడు నాకు మిగిలిన సందేహాలు మూడు. ఎల్బోను అంటించి సరిపెట్టవచ్చా, మార్చాలా? కొత్త పంపు కూడా కొనాలా? ఉబ్బిన ప్లైవుడ్‌ను ఏం చేయాలి?

నీటిగొట్టం

చాలా చక్కగా చేశారు. ఎల్బోను అంటించకండి. ఒత్తిడి కింద, అదురు మధ్య ఎం-సీల్ వంటివి కొన్నాళ్లకే వదిలేస్తాయి. ఆ ఎల్బో తీసేసి, పంపుకు సరిపోయే చేతితో బిగించే నట్టు ఉన్న ముక్క వేసి, అక్కడి నుంచి తాగునీటికి తగిన వంగే గొట్టం అడుగున్నర వేసి, తరవాత మీ పాత పైపుకు కలపండి. పంపు మూతి ప్లాస్టిక్ కాబట్టి స్పానరుతో బిగించకూడదు. నట్టు లోపల రబ్బరు వాషరు ఉండే ముక్క అయితే టెఫ్లాన్ టేపు చుట్టకండి. టేపు మందం వల్ల ప్లాస్టిక్ గొంతు మీద ఒత్తిడి పెరిగి పగిలేందుకు అవకాశముంది, తెగిన పోగులు పంపు కవాటంలో చిక్కుకోవచ్చు కూడా. మీ ఎల్బో మీద టేపు దళసరిగా చుట్టి ఉందేమో చూడండి.

పంపు కొనే అవసరం బహుశా లేదు. ఎల్బో మార్చాక వాల్వు మూసి రాత్రంతా స్విచ్చి వేసి ఉంచండి, కొట్టుకోకపోతే పంపు బాగున్నట్టే. ఒకవేళ ఎప్పుడైనా మార్చవలసి వస్తే, పురుగుమందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ల పంపును చూపించి ఇదీ అదీ ఒకటేనని దుకాణంలో చెప్పవచ్చు. చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, 12 వోల్టులదే. కానీ వాటిలో చాలావాటి ఒత్తిడి వంటగది పైపులు తట్టుకోవలసిన దానికన్నా బాగా ఎక్కువ. పంపు మీది చీటీలో ఒత్తిడి ఎంతో చదవకుండా తీసుకోకండి. బార్లలో రాయకపోతే, 1 బార్ సుమారు 14.5 పీఎస్ఐ అని లెక్క వేసుకోండి.

లావు గొట్టానికి స్టీలు క్లిప్పు కొత్తది వేయండి. గొట్టం చివర గట్టిపడి ఉంటే ఆ అంగుళం నిటారుగా కోసేసి, లోపలి మెత్తటి భాగం మీద రెండు క్లిప్పులు పక్కపక్కన, మరలు ఎదురెదురుగా ఉండేలా బిగించండి.

చక్రాల ఇల్లు

పైపుల విషయంలో మీ పరీక్షే తీర్పు చెప్పింది, మిగిలిన సీపీవీసీని అలాగే ఉంచండి. ఎల్బోలూ క్లిప్పులూ ఎస్.జె.పి. రోడ్డులో దొరుకుతాయి. పాత ముక్కలను వెంట తీసుకెళ్లండి, మర కొలత నోటితో చెబితే తేడా వస్తుంది.

ప్లైవుడ్ సంగతి నేను చెబుతాను. నేల మీది వినైల్ షీటు ఆ మూలలో వెనక్కి మడిచి, స్క్రూడ్రైవర్ కొనతో గుచ్చి చూడండి. కొన మెత్తగా దిగితే ఆ ముక్క చచ్చినట్టే, గట్టి చెక్క వచ్చేదాకా కోసి తీసేయాలి. గట్టిగానే ఉంటే ఆరబెట్టి కాపాడుకోవచ్చు. తలుపులు తెరిచి ఫ్యాను పెట్టి వారాల తరబడి ఆరనివ్వండి, రోజుల్లో అయ్యే పని కాదు. తేమ కొలిచే చిన్న మీటరు దొరికితే 15 శాతం లోపుకు వచ్చేదాకా ఆగండి. 20 దాటి ఉన్న చెక్కను కప్పితే లోపల కుళ్లుతుంది. కొత్త ముక్క వేస్తే ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. ఐ.ఎస్. 303 ముద్ర ఉన్నది ఫర్నిచరుకు వాడే మామూలు రకం, సింకు కింద తడి తగిలే చోటికి 710 అంత నమ్మకమైనది కాదు. కోసిన అంచులకు రంగో వార్నిషో తప్పక పూయండి, నీరు ముందుగా లోపలికి దారి చేసుకునేది ఆ అంచుల్లోంచే.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరికి రాస్తున్నాను. ఆ అలమర నేలలోనో, స్టవ్వు దగ్గరనో జాలీ బిగించిన రంధ్రం ఒకటి ఉండవచ్చు. రోడ్డు నీరు అందులోంచి చిమ్ముతోందని దాన్ని సిలికాన్‌తో మూసేసే పనివాళ్లను నేను చూశాను. అది గ్యాసు బయటికి పోవడానికి పెట్టిన రంధ్రం. వంట గ్యాసు గాలి కన్నా బరువైనది కాబట్టి కారితే నేల మీదే పేరుకుంటుంది, ఆ రంధ్రం మూసుకుపోతే దానికి వేరే దారి ఉండదు. దయచేసి మీ ప్లంబరు పూసిన సిలికాన్ ఎక్కడెక్కడ ఉందో ఒకసారి పడుకుని కింద నుంచి చూడండి.

హొసకోటె బాటసారి

ఇప్పుడే చూసి వచ్చాను. జాలీ సగం సిలికాన్‌తో కప్పి ఉంది. గ్యాసు సిలిండరు రెగ్యులేటరు ఆపేసి, సిలిండరును బండి బయటికి తీసి పెట్టాను. సిలికాన్ కోసి, జాలీ పూర్తిగా తెరిచాకే మళ్లీ లోపల పెడతాను. ఎల్బో మూతి మీద టెఫ్లాన్ టేపు నిజంగానే దళసరిగా చుట్టి ఉంది. ప్లైవుడ్ మూలలో అరచేయంత మేర స్క్రూడ్రైవర్ దిగింది, మిగతాది గట్టిగా ఉంది. రేపు ఎస్.జె.పి. రోడ్డుకు పాత ముక్కలతో వెళ్తున్నాను.